మా కోర్సు మృతులకు ఒక్క జాబితా చాలు

సైనిక అకాడెమీలో ఒకేసారి చేరి కలిసి శిక్షణ పొందిన బ్యాచిని కోర్సు అంటాం. మా కోర్సు వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక శిలాఫలకం నమూనా వచ్చింది. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, పైన అకాడెమీ చిహ్నం, కింద ‘మన అమరులు’ అనే శీర్షిక, నాలుగు పేర్లు. వచ్చే పునస్సమావేశంలో దాన్ని ఆవిష్కరించాలని నిర్వాహకుల ఆలోచన. చూసినవాళ్ళు చూసినట్టే దండాలు పెట్టారు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే నయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. చాలాసేపటికి, గ్రూపులో ఎప్పుడూ నోరు మెదపని ఒకాయన ‘మిగతావాళ్ళు?’ అని ఒక్క మాట రాశాడు.

మిగతావాళ్ళు ఎవరో మాకందరికీ తెలుసు. సెలవు మీద ఇంటికి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయినవాడు. క్యాన్సర్‌తో మిలిటరీ ఆస్పత్రిలో పోయినవాడు. మామూలు శిక్షణలో హెలికాప్టర్ కూలి పోయినవాడు. పదవీ విరమణ చేశాక, ఉదయం నడకకు వెళ్ళి ఇంటికి తిరిగి రానివాడు. తన గదిలో తన ప్రాణం తానే తీసుకున్నవాడు. కమిషన్, అంటే ఆఫీసరు హోదా, రాకుండానే, కేడెట్‌గా ఉండగానే, పరుగులో కుప్పకూలినవాడు. వాళ్ళకోసం సావనీరులో విడిగా ఒక పేజీ ఉంచామని నిర్వాహకులు జవాబిచ్చారు. ఎక్కడ అని అడిగితే, ప్రకటనల తర్వాత అన్నారు. పాపం, వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. పుస్తకం అచ్చు వేసే ప్రతివాడికీ ప్రకటనలు ముందుండాలన్న ఒత్తిడి ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైన్యం తన మృతులను రకరకాలుగా విడదీసి లెక్క రాసుకుంటుంది, ఆ అవసరం దానికి ఉంది. కోర్సుకు ఆ అవసరం లేదు. ఒకే రోజు ట్రంకు పెట్టెలు మోసుకుంటూ గేటు దాటినవాళ్ళకు ఒక్కటే జాబితా ఉండాలి. అందులో ఎవరు ఎలా పోయారన్నది వరసను నిర్ణయించకూడదు, అసలు కనిపించనే కూడదు. ఇది తేలిగ్గా నెగ్గే వాదన కాదని తెలుసు. దీనికి ఎదురు చెప్పినవాళ్ళలో నేను మాట కాదనలేని మనిషి కూడా ఒకరున్నారు. ఆ సంగతి తర్వాత.

ఖజానా లెక్క

ఫౌజులో మరణాన్ని రెండు పద్దుల్లో రాస్తారు. శత్రువుతో పోరులోనో, ఉగ్రవాదులతో ఎదురుకాల్పుల్లోనో పోతే బ్యాటిల్ క్యాజువల్టీ. రోడ్డు ప్రమాదం, జబ్బు, ఆత్మహత్య వంటివి ఫిజికల్ క్యాజువల్టీ. బయటివాళ్ళకు ఇది గుమాస్తాల గోలలా కనబడవచ్చు. పోయినవాడి ఇంట్లో వాళ్ళకు మాత్రం దీని మీదే బతుకు. సర్వీసుతో సంబంధం లేని మరణమైతే వచ్చేది మామూలు కుటుంబ పింఛను, చివరి జీతంలో 30 శాతం, మొదటి కొన్నేళ్ళు మాత్రం 50. సర్వీసు కారణంగానే పోయాడని తేలితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. యుద్ధంలో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, చివరి జీతం పూర్తిగా.

మావాడు రోడ్డు మీద పోయినప్పుడు ఈ అంకెలన్నీ నాకు కంఠతా వచ్చాయి. సెలవు మీద వెళ్తున్నవాడి ప్రమాదం సర్వీసు ఖాతాలోకి వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కాగితం అడుగున రాసే ఒక వాక్యం మీద ఒక ఇల్లు నిలబడాలి, లేదా కుంగాలి. అందుకని సైన్యం లెక్కలను నేను వెక్కిరించను. ప్రభుత్వ సొమ్ము పంచాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయాలి. న్యూఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలోనూ అదే గీత ఉంది. త్యాగచక్రం గోడల మీద ఒక్కొక్క గ్రానైట్ ఇటుకకు ఒక్కొక్క పేరు చొప్పున చెక్కారు. ప్రారంభం నాటికే పాతిక వేలు దాటిన ఆ పేర్లు యుద్ధాల్లో, సైనిక చర్యల్లో ప్రాణాలు ఇచ్చినవాళ్ళవి. ఉండవలసిందే. ఆ గోడ దగ్గర నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు.

అయితే అదే గీత ఒక్కోసారి మరీ కరుకుగా పడుతుంది. 2023 అక్టోబరులో విధుల్లో ఉన్న ఒక యువ అగ్నివీర్ మరణించినప్పుడు అంత్యక్రియల్లో సైనిక వందనం లేదేమని దేశమంతా రగడ జరిగింది. తనకు తాను చేసుకున్న గాయంతో మరణిస్తే సైనిక లాంఛనాలు ఉండవనీ, 1967 నాటి సైనిక ఉత్తర్వు నుంచీ ఇదే పద్ధతనీ సైన్యం వివరణ ఇచ్చింది. అగ్నివీర్ అని తేడా చూపలేదు, రెగ్యులర్ సైనికుడైనా ఇంతే అన్నది ఆ వివరణ సారాంశం. నిజమే, ఇంతే. తన ప్రాణం తానే తీసుకున్న మావాడి విషయంలోనూ ఇంతే జరిగింది. రోజూ సెల్యూట్ కొట్టిన జవాన్లు సాధారణ దుస్తుల్లో వచ్చి ఒక పక్కన నిలబడ్డారు.

సంస్థ ఆ నియమం ఎందుకు పెట్టుకుందో నాకు అర్థమవుతుంది. అర్థంకానిది ఒకటే. ఆ నియమం ఏ మాత్రం వర్తించని చోట, అంటే మా కోర్సు వాళ్ళం సొంత డబ్బుతో చేయించుకునే ఫలకం మీద, మేం దాన్ని ఎందుకు దిగుమతి చేసుకోవాలి?

కోహిమాలో పలకలు

చూసినవాళ్ళకు కోహిమా యుద్ధ శ్మశానం గుర్తుండే ఉంటుంది. కొండవాలు మీద మెట్లు మెట్లుగా దిగే పచ్చిక, వరసగా తక్కువ ఎత్తు రాళ్ళు, ఒక్కోదాని మీద కంచు పలక. 1944లో జపాన్ సేనలూ బ్రిటిష్ ఇండియా సేనలూ టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ నిలబడి ఒకరి మీదికి ఒకరు గ్రెనేడ్లు విసురుకున్న చోటు. పలక మీద పేరు, హోదా, రెజిమెంటు, మరణించిన తేదీ, వయసు ఉంటాయి. కొన్నింటి మీద ఇంటివాళ్ళు రాయించిన ఒక వాక్యం. ఎలా పోయాడన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ అడవుల్లో మలేరియా, టైఫస్ జ్వరాలు తూటాలకు తీసిపోకుండా మనుషులను పడగొట్టాయి. పక్కపక్కన ఉన్న రెండు రాళ్ళలో ఏది తూటాదో ఏది జ్వరానిదో పలక చెప్పదు.

ఇది యాదృచ్ఛికం కాదు. ఆ శ్మశానాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 1917లో పుట్టింది, ఆ తొలి ఏళ్ళలోనే జనరల్‌కూ సిపాయికీ ఒకే రకం రాయి అని తీర్మానించుకుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మొదలు, ముగింపు తేదీలు నిర్ణయించుకుని, ఆ మధ్యలో సర్వీసులో ఉండి పోయిన ప్రతివాడినీ లెక్కలోకి తీసుకుంది. ఫ్లూతో పోయినా, లారీ కింద పడి పోయినా, తనను తాను కాల్చుకుని పోయినా అదే రాయి. సామ్రాజ్యం నడిపిన సంస్థకు, సవాలక్ష హోదాల పిచ్చి ఉన్న కాలంలో, ఈ మాత్రం తోచింది. వలస సిపాయిల పేర్ల విషయంలో అది తన మాట చాలాచోట్ల నిలబెట్టుకోలేదు, 2021లో తానే ఒప్పుకుని క్షమాపణ కూడా చెప్పింది. అయినా సూత్రం మాత్రం సరైనదే.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఖడక్‌వాస్లాలో ఉంది. నేషనల్ డిఫెన్స్ అకాడెమీ ప్రధాన భవనానికి సూడాన్ బ్లాక్ అని ఎందుకు పేరొచ్చిందో చాలామందికి తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో సూడాన్‌ను కాపాడిన భారత సైనికుల జ్ఞాపకార్థం ఆ దేశ ప్రభుత్వం 1941లో లక్ష పౌండ్లు ఇచ్చింది. దేశ విభజన తర్వాత అందులో మన వాటాకు 70 వేలు వచ్చాయి. యుద్ధ స్మారకంగా ఒక సైనిక అకాడెమీ కట్టాలన్న ఆలోచన ఆ డబ్బు చుట్టూ పెరిగింది. 1949 అక్టోబరు 6న నెహ్రూ శంకుస్థాపన చేశారు. చనిపోయినవాళ్ళ పేరు మీద వచ్చిన డబ్బుతో బతికున్న కుర్రాళ్ళకు చదువు చెప్పే భవనం కట్టారన్నమాట. ఆ గుమ్మటం కింద నుంచి నడిచే కేడెట్లలో ఎందరికి అది గుర్తుంటుందో వేరే విషయం. ఆ వయసులో గుర్తుండేవి ఆకలి, నిద్ర, మరుసటి పొద్దున్న డ్రిల్ నేర్పే ఉస్తాద్ ముఖం.

పేరు మోసినవాళ్ళకు మన అవసరం తక్కువ

సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ సంగతి తీసుకోండి. ఎన్‌డీఏలో 38వ కోర్సు. 1971 జూన్‌లో కమిషన్ వచ్చింది, డిసెంబరు 16న బసంతర్ దగ్గర తన ట్యాంకులోనే ప్రాణాలు వదిలాడు. వయసు 21. పరమవీర చక్ర. అకాడెమీ పరేడ్ గ్రౌండుకే ఆయన పేరుంది. 2001లో ఆయన తండ్రి, తానూ సైన్యంలో బ్రిగేడియర్‌గా చేసినాయన, పుట్టిన ఊరు చూసుకోవడానికి పాకిస్తాన్ వెళ్తే, ఆతిథ్యం ఇచ్చిన అక్కడి బ్రిగేడియరే ఆ రోజు మీ అబ్బాయిని కొట్టింది నా ట్యాంకే అని చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళపాటు శత్రువు కూడా మరిచిపోని మనిషి అతను.

మనవాళ్ళలో మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్‌లో కార్గిల్ కొండల మీద నేలకొరిగితే హైదరాబాద్ ఇప్పటికీ తలుచుకుంటుంది. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో పోయాక సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. ఇద్దరికీ మహావీర చక్ర. మన పిల్లలకు పాఠంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా.

ఇలాంటివాళ్ళను తలుచుకోవడానికి దేశం ఉంది, రెజిమెంటు ఉంది, ఊరుంది, కూడలిలో విగ్రహం ఉంది. కోర్సు వాళ్ళు మరిచిపోయినా వాళ్ళ పేరుకు లోటు రాదు. మా ఫలకం మీది నలుగురూ ఇంత పేరు మోసినవాళ్ళు కాకపోయినా ముగ్గురి ఊళ్ళలో బడులకు పేర్లు పెట్టారు, నాలుగో ఆయన పేరు రెజిమెంటు మెస్‌లో వెండి ట్రోఫీ మీద ఉంది. రోడ్డు మీద పోయినవాడికి ఎవరున్నారు? అతనితో కలిసి బురదలో పాకినవాళ్ళు తప్ప అతను కేడెట్‌గా ఎలా ఉండేవాడో చెప్పగల మనిషి భూమ్మీద లేడు.

ఇంకో సంగతి. మా కోర్సులో దాదాపు అందరం యూనిఫాం వదిలేశాం. అంటే ఆ నాలుగు పేర్ల జాబితా ఇక పెరగదు. రెండోది ఏటేటా పెరుగుతోంది, చివరికి మా అందరినీ కలుపుకునేదాకా పెరుగుతుంది. ఇప్పుడు సావనీరు చివరి పేజీ చాలులే అంటున్నవాళ్ళు రేపు తాము దిగబోయే పేజీ గురించే మాట్లాడుతున్నారు. ఈ మాట గ్రూపులో రాస్తే కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఎవరో గోల్ఫ్ ఆడుతున్న ఫోటో పెట్టారు.

బూట్ల వేలు, హీటింగ్ రాడ్

తన ప్రాణం తానే తీసుకున్నాడని చెప్పానే, అతనికి మా బ్యారక్‌లో ఒక ప్రత్యేకత ఉండేది. డ్రిల్ బూట్ల ముందుభాగానికి అతనంత మెరుపు తెచ్చేవాడు లేడు. మెత్తని నూలుగుడ్డను చూపుడువేలికి బిగించి చుట్టి, వెనక మెలిపెట్టి పిడికిట్లో పట్టుకునేవాడు. డబ్బా మూతలో నాలుగు చుక్కల నీళ్ళు, పాలిష్ మీద గుడ్డ కొసను తాకీ తాకనట్టు అద్ది, బూటు ముక్కు మీద చిన్న చిన్న సున్నాలు చుట్టడం. మాకందరికీ పావుగంటలో విసుగొచ్చి గట్టిగా రుద్దేసేవాళ్ళం, ఉన్న మెరుపు కూడా పోయేది. అతను గంటసేపు అదే ఒత్తిడితో తిప్పుతూ కూర్చునేవాడు. పరుగులో వెనకబడేవాడు, అందుకని పరుగులో ముందుండేవాళ్ళు అతని రైఫిల్ మోసేవాళ్ళు, బదులుగా రాత్రి అతను వాళ్ళ బూట్లు పట్టేవాడు. పరేడ్‌లో మా వరస బూట్లన్నీ మెరిశాయంటే సగం అతని వేలి మహిమ. అతను పోయినప్పుడు పత్రికలో రెండు వాక్యాల వార్త వచ్చింది. అందులో ఉన్నదల్లా హోదా, యూనిట్ ఉన్న ఊరు, పోలీసులు దర్యాప్తు చేస్తున్నారన్న మాట.

కేడెట్‌గా ఉండగానే పోయినవాడిది ఇంకో కథ. వాళ్ళ నాన్నగారు సామాను తీసుకెళ్ళడానికి వచ్చారు. నల్ల ట్రంకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. ఆఫీసరు ఎదురుగా తెరిచి ఒక్కొక్కటీ పట్టీతో సరిచూస్తున్నారు. మడతపెట్టిన జెర్సీల అడుగున హీటింగ్ రాడ్ బయటపడింది. గదిలో అలాంటిది దొరికితే మామూలుగా అందరికీ రగడా, అంటే ఒళ్ళు హూనం చేసే శిక్ష, తప్పదు. వరండా మొత్తం రాత్రిళ్ళు నీళ్ళు కాచుకుని మ్యాగీ వండుకునేది దానితోనే. తనిఖీకి దొరకదని అతని పెట్టెలో దాచాం. ‘ఇది మావాడిది కాదండీ, మేం కొనివ్వలేదు’ అంటూ ఆయన దాన్ని చేత్తో పట్టుకుని మావైపు చూశారు, ఎవరిదో వాళ్ళకు ఇచ్చేద్దామని. మేం కదల్లేదు. ఆఫీసరు కిటికీ వైపు తిరిగి, ‘అక్కడ పెట్టండి, ఎవరిదో వాళ్ళు తీసుకుంటారు’ అన్నారు. అంత కఠినమైన మనిషి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఇద్దరూ ‘మన అమరులు’ అన్న శీర్షిక కిందికి రారు. ఆ శీర్షిక తీసేసి కోర్సు నంబరు వేసి, కింద పేర్లు కేడెట్ నంబర్ల వరసలో రాయండి, ఇద్దరూ తమ చోట్లో తామే సర్దుకుంటారు. ఫాలిన్‌లో, అంటే హాజరుకు బారులు తీరినప్పుడు, నిలబడ్డ వరస కూడా ఇంచుమించు అదే.

మా మాట కాదన్నవాళ్ళు

మొదటి అభ్యంతరం ఫలకం మీది నలుగురిలో ఒకరి భార్య నుంచి వచ్చింది. ఆయన మన తెలుగువాడే కాబట్టి ఆవిడ నాతో చనువుగా మాట్లాడతారు. ఫోన్ చేశారు. ‘అన్నయ్యగారూ, అందరి పేర్లూ రాయండి, నాకేం బాధ లేదు. కానీ ఈయన కొండెక్కింది తనంతట తాను. వేరేవాళ్ళను పంపించి తాను కింద ఉండొచ్చు, ఉండలేదు. నేనూ పిల్లవాడూ ఆ ఎంపికకు ఖరీదు కట్టాం. దాన్నీ గుండెపోటునూ ఒకే గీత మీద పెడితే, ఆ ఎంపికను మీరు చెరిపేసినట్టు కాదా?’

దీనికి నా దగ్గర చప్పున జవాబు లేదు. నిజానికి ఆవిడ చెప్పిందాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. తెలిసి ఎదురెళ్ళడానికీ, ఎదురుచూడకుండా పోవడానికీ తేడా ఉంది. నేను చెప్పుకోగలిగింది ఇంతే: ఆ తేడా చెప్పడానికి త్యాగచక్రంలో ఇటుక ఉంది, పతకం ఉంది, సైటేషన్ ఉంది, ఊళ్ళో బడి ఉంది. కోర్సు జాబితా పని తేడా చెప్పడం కాదు, అతను మాలో ఒకడని చెప్పడం. ఆ మాట ఆవిడకు చెప్పాను. ‘మాలో ఒకడు అని నాకు రాయి మీద చూపించక్కర్లేదు, మీరు వస్తూ పోతూ ఉంటే చాలు’ అన్నారు. అది ఒక రకంగా నా వాదనకు బలం, ఇంకో రకంగా ఫలకమే అనవసరం అన్న తీర్పు.

రెండోది అటువైపు నుంచి వచ్చింది. బూట్ల మనిషి అన్నగారిని సంప్రదిస్తే, పేరు వేయవద్దన్నారు. ఊళ్ళో గుండెపోటు అని చెప్పుకున్నారట, కూతురి పెళ్ళి సంబంధాలు నడుస్తున్నాయట, ఎవరైనా ఆ పేరు చూసి ఆరా తీస్తే కష్టమట. ఒకే జాబితాలో, కారణం రాయకుండా, మిగతా అందరి మధ్యలో ఉంటే ఆరా తీసే అవసరమే రాదని నచ్చజెప్పాను. రెండు జాబితాలుంటేనే, రెండోదాంట్లో ఎందుకున్నాడన్న ప్రశ్న పుడుతుంది. ఆయన ఆలోచిస్తానన్నారు. కాదంటే పేరు వేయకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. జ్ఞాపకం మీద కోర్సుకున్న హక్కు ఇంటివాళ్ళ హక్కు తర్వాతిదే.

మూడో అభ్యంతరం నిర్వాహకులది, అది కొంత నవ్వు తెప్పించేది. ‘ఎవరు మన కోర్సు అన్నది తేల్చకుండా జాబితా ఎలా?’ అన్నారు. నిజమే, రిలెగేట్ అయి, అంటే శిక్షణలో వెనకబడి, పై కోర్సు నుంచి మాలోకి దిగినవాడొకడున్నాడు. చేరింది వాళ్ళతో, పాసవుట్ అయింది మాతో. అతను పోయినప్పుడు రెండు కోర్సులూ పుష్పగుచ్ఛాలు పంపాయి, ఏది ముందు పెట్టాలని రెండు పక్షాల ప్రతినిధులు శ్మశానం గేటు దగ్గర మర్యాదగా వాదించుకున్నారు. బతికుండగా వాడిని పాసు చేయించడానికి ఎవరూ ఇంత పోటీ పడలేదు. నా ఉద్దేశంలో వాడు రెండు జాబితాల్లోనూ ఉండాలి. ఎవరి రాయి వాళ్ళది.

అసలు చిక్కు శిక్షణలో గాయపడి మెడికల్ బోర్డు మీద ఇంటికి వెళ్ళినవాళ్ళది. 1985 నుంచి దేశంలోని సైనిక అకాడెమీల నుంచి ఇలా దాదాపు 500 మంది కేడెట్లు వెనక్కి వెళ్ళారని పత్రికల్లో వస్తే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తాను ఆ విషయం చేపట్టింది. కమిషన్‌కు ముందు తగిలిన దెబ్బ కాబట్టి వాళ్ళకు మాజీ సైనికుల హోదా లేదు, పింఛను లేదు, వచ్చేది నెలనెలా కొంత ఎక్స్‌గ్రేషియా. ఆ నెలాఖరుకు మాజీ సైనికులకు ఉండే ఈసీహెచ్ఎస్ వైద్య సదుపాయం మాత్రం వాళ్ళకూ వర్తింపజేశారు. అన్నేళ్ళూ వాళ్ళు ఆస్పత్రి బిల్లులు ఎలా కట్టుకున్నారో ఏ కోర్సు గ్రూపులోనూ చర్చ జరిగినట్టు నేను వినలేదు.

మాలోనూ అలాంటివాడు ఒకడున్నాడు. వెన్నుకు దెబ్బ తగిలి చక్రాల కుర్చీ పాలయ్యాడు. కమిషన్ రాలేదు కాబట్టి గ్రూపులో కూడా లేడు. ఈ ఫలకం గొడవ మొదలయ్యాక ఎవరో నంబరు సంపాదించి చేర్చారు. స్వాగతాలు, పూలు, దండాలు అయ్యాక అతను పెట్టిన మొదటి సందేశం ఫలకం గురించే. మూడో పేరులో ఒక అక్షరం తప్పుందని, ఇంటిపేరు అలా రాయరని, చెక్కించక ముందే దిద్దమని. ఫలకం చూసి బాగుందన్నవాళ్ళెవరం అది గమనించలేదు. ఆ మూడో ఆయనతో అతను ఒకే గదిలో ఉన్నాడు.

తలుచుకోవడం అంటే పనే

వెస్ట్ పాయింట్‌లో ఒక పద్ధతి ఉంది. మరణించిన పూర్వ విద్యార్థుల ఉంగరాలను ఇంటివాళ్ళు ఇస్తే, వాటిని కరిగించి ఆ బంగారాన్ని కొత్త బ్యాచి ఉంగరాల్లో కలుపుతారు. 2002 బ్యాచితో మొదలైంది. ఏ యుద్ధంలో పోయాడన్నది షరతు కాదు, మంచం మీద పోయిన తొంభై ఏళ్ళవాడి ఉంగరం కూడా అందులో కరుగుతుంది. అక్కడి పూర్వ విద్యార్థుల సంఘం పోయిన ప్రతి గ్రాడ్యుయేటు గురించీ స్మృతి వ్యాసం వేసే సంప్రదాయం కూడా పాటిస్తోంది, చాలావరకు ఇంటివాళ్ళో సహపాఠులో రాస్తారు. నాకు ఉంగరం కంటే ఈ రెండోది నచ్చింది. వ్యాసం రాయాలంటే కూర్చుని గుర్తు తెచ్చుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి, తేదీలు సరిచూడాలి. మా గ్రూపులో ‘ఓం శాంతి’ పెట్టడానికి బొటనవేలు చాలు.

రాయి ఎంత మంచిదైనా అది ఒక్కసారి డబ్బు పోసి కొనే జ్ఞాపకం. మా కోర్సులో నిజంగా మృతులను గుర్తు పెట్టుకున్నవాడు ఒకడే అని నా నమ్మకం. పతకాలు లేవు, పెద్ద హోదాకూ వెళ్ళలేదు. హెలికాప్టర్ ప్రమాదంలో పోయినవాడి పింఛను ఉత్తర్వులో (పీపీఓ) భార్య పేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉండి పింఛను ఆగిపోతే, రికార్డ్ ఆఫీసు చుట్టూ తిరిగి దిద్దించినది అతనే. క్యాన్సర్‌తో పోయినవాడి అబ్బాయికి కాలేజీ సీటు కోసం ధ్రువపత్రం తెచ్చిందీ అతనే. ఎవరి వర్ధంతి ఎప్పుడో డైరీలో రాసుకుని ఆ రోజు ఇంటికి ఫోన్ చేస్తాడు. ఆ డైరీలో పేర్లు ఎలా ఉన్నాయో ఒకసారి చూశాను. తేదీల వరసలో ఉన్నాయి. బ్యాటిల్, ఫిజికల్ అన్న విభజన అందులో ఎక్కడా లేదు. అలా ఎందుకు రాశావని అడిగితే అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు.

గ్రూపులో ‘మిగతావాళ్ళు?’ అని అడిగింది కూడా అతనే.

ఇప్పటికి నిర్వాహకులు శీర్షిక తీసేయడానికి ఒప్పుకున్నారు. పేర్లన్నీ ఒకే వరసలో రాయడానికి ముగ్గురిలో ఇద్దరు సుముఖం, మూడో ఆయన నలుగురి పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెడదామంటున్నాడు. రాజీ అనుకుంటే రాజీయే. నాకు నచ్చలేదు, ఎందుకంటే నక్షత్రం లేని పేరు దగ్గర చూపు ఆగుతుంది. అయితే ఫోన్ చేసిన ఆవిడకు ఆ నక్షత్రం కావాలనిపిస్తే నేను అడ్డం చెప్పను, చెప్పలేను. నమూనా ముందు ఆవిడకు, బూట్ల మనిషి అన్నగారికి పంపించాలని, వాళ్ళ జవాబు వచ్చేదాకా చెక్కేవాడికి బయానా ఇవ్వవద్దని రాశాను. ఖర్చు పెరుగుతుందేమోనని కోశాధికారి బెంగ పెట్టుకున్నాడు, అక్షరానికి ఇంత చొప్పున తీసుకుంటారట. పెరిగిన అక్షరాల డబ్బు నేను ఇస్తానన్నాను. చక్రాల కుర్చీలో ఉన్నవాడు సగం తనదన్నాడు.